లోపలే తిరిగిన గాలి

"ఒక్క మీట నొక్కి చూడటానికి గంటన్నరా మేడమ్? ఈ లెక్కన కారంతా చూసేసరికి నేను రిటైరైపోతాను."

ఇన్‌స్పెక్టర్ మేంగ్ గిచొల్ కారు తలుపు మీద వేళ్లతో దరువు వేస్తూ అన్నాడు. పోలీసు యార్డులో రేకుల షెడ్డు కింద నిలబడితే నెత్తి మాడిపోతోంది. ప్యో యున్‌సిల్ డ్రైవర్ సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, ఏసీ ఫ్యాను చప్పుడు వింటోంది.

యున్‌సిల్‌కి యాభై రెండేళ్లు. డిటెక్టివ్ బోర్డు తగిలించి మూడేళ్లయింది. అంతకు ముందు ఇరవై ఏళ్లు కొరియాలోని ఇదే దేగు నగరంలో కార్ల ఏసీలు బాగుచేసి బతికింది. మేంగ్‌కి ఆమెను చూస్తే ఒళ్లు మంట. ఎదురుగా 'మేడమ్' అంటాడు, వెనక 'రిపేరమ్మ' అంటాడు.

కారు బాన్ సొక్‌జూది. అరవై ఒక్క ఏళ్ల మనిషి, చల్లటి నూడుల్స్ దుకాణాలు రెండింటికి యజమాని. ఆగస్టు పన్నెండున మధ్యాహ్నం రెండూ అయిదుకి గడ్డకట్టిన సూపు సంచులు వెనక పెట్టుకుని ఒక దుకాణం నుంచి రెండో దుకాణానికి బయల్దేరాడు. రెండూ ఇరవై రెండుకి టన్నెల్ ముఖద్వారం దగ్గరి కెమెరాలో కనబడ్డాడు. రెండూ ముప్పై ఒకటికి, టన్నెల్ లోపల నత్తనడక నడుస్తున్న వాహనాల మధ్య, ఆయన కారు మెల్లగా పక్కకు ఒరిగి గోడకు ఆనుకుని ఆగిపోయింది. వెనకవాళ్లు దిగి వచ్చేసరికి ప్రాణం లేదు. పాత గుండెజబ్బు ఉంది, జేబులో మాత్రలున్నాయి. మేంగ్ రెండు రోజుల్లో కేసు మూసేశాడు.

భార్య దో సున్‌బొక్ మాత్రం ఒప్పుకోలేదు. "మూడు రోజులుగా ఆయన కారు దిగగానే తల పట్టుకుని కూర్చుంటున్నాడు. గుండెకీ తలకీ ఏం సంబంధం?" అంటూ యున్‌సిల్ గుమ్మంలోకి వచ్చింది.

అనుమానం డ్రై ఐస్ మీదికి పోవడం సహజమే. సూపు కరగకుండా వెనక థర్మాకోల్ పెట్టెలో డ్రై ఐస్ పెడతారు. అది నీరు కాకుండా నేరుగా వాయువైపోతుంది. మూసిన చోట ఆ వాయువు పేరుకుంటే మనిషికి ఊపిరి అందదు. దానికి మేంగ్ దగ్గర తిరుగులేని జవాబు ఉంది.

"ప్యానెల్ మీద 'బయటి గాలి' లైటు వెలుగుతోంది. ఫొటో ఉంది. బయటి గాలి వచ్చే కారులో ఊపిరాడకపోవడమేంటి? మీ వృత్తే కదా, మీకు నేను చెప్పాలా?"

యున్‌సిల్ కళ్లు తెరిచి 'లోపలి గాలి' మీట నొక్కింది. లైటు మారింది. డాష్‌బోర్డు వెనక చిన్న మోటారు జుయ్‌మని తిరిగింది. మళ్లీ 'బయటి గాలి' నొక్కింది. మళ్లీ లైటు, మళ్లీ జుయ్.

"పనిచేస్తోందిగా!" అన్నాడు మేంగ్.

"మోటారు పనిచేస్తోంది" అంది యున్‌సిల్.

ఫ్యాను చప్పుడు మాత్రం మారలేదు. లోపలి గాలినే పీల్చి తిప్పుతున్నప్పుడు ఫ్యాను హోరు గట్టిగా వినిపిస్తుంది. బయటి గాలికి మారగానే ఆ హోరు తగ్గాలి. ఇరవై ఏళ్లు విన్న చెవి అది. మేంగ్‌కి ఫోను వచ్చి షెడ్డు అవతలికి నడిచాడు. యున్‌సిల్ ఒక టిష్యూ కాగితం తీసి, పక్క సీటు కాళ్ల దగ్గర, డాష్‌బోర్డు అడుగున ఉన్న జాలీకి దగ్గరగా పట్టింది. లైటు 'బయటి గాలి' అంటూనే ఉంది. కాగితం ఆమె వేళ్లలోంచి జారి జాలీకి అతుక్కుపోయింది.

కారు లోపలి గాలినే పీలుస్తోంది.

రెండు మరలు విప్పి, సామాన్లు పెట్టుకునే అరను కిందికి దింపి, టార్చి వేసింది. మోటారు నుంచి గాలి దారిని మార్చే రేకుకు ఉండాల్సిన చిన్న ప్లాస్టిక్ చెయ్యి ఊడదీసి ఉంది. మోటారు తన మానాన తాను తిరుగుతోంది, లైటు దాన్ని నమ్మి వెలుగుతోంది. అసలు రేకును మాత్రం బయటి గాలి రాకుండా మూసి, కేబుల్ టై అనే తెల్లటి ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టేశారు. దాని మీద దుమ్ము లేదు. తోక కొసను కట్టర్‌తో కత్తిరించలేదు. పళ్లతో కొరికి తెంపారు. పక్కనే ఫిల్టరు మీద మార్కరుతో రాసిన తేదీ ఉంది. ఆగస్టు తొమ్మిది. ఆ గుండ్రటి చేతిరాత ఆమెకు తెలుసు, మెకానిక్ టాక్ మన్సుది.

యున్‌సిల్ ఫొటోలు తీసుకుంది. అరను మళ్లీ బిగించేసింది. మేంగ్ తిరిగొచ్చేసరికి సీటు తుడుచుకుంటోంది.

ఇప్పుడు నోరు విప్పితే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. మేంగ్ అరగంటలో మన్సు చేతులకు బేడీలు వేస్తాడు. చివరిసారి ఆ అర విప్పింది మన్సే. కానీ నలభై ఏళ్లుగా నడుముకు కట్టరు కట్టుకు తిరిగే మనిషి కేబుల్ టైని పళ్లతో కొరుకుతాడా?

"ఒక్క పని చేద్దాం ఇన్‌స్పెక్టర్ గారూ. అదే దారి, అదే టైము, అదే సరుకు. ఒక్కసారి నడిపి చూద్దాం. ఏమీ తేలకపోతే మీ రిపోర్టు కరెక్టని నేనే రాసి సంతకం పెడతాను. మళ్లీ మీ గడప తొక్కను."

"ఆ చివరి మాట కోసమైనా వస్తాను" అన్నాడు మేంగ్.

సరిగ్గా రెండూ అయిదుకి కారు దుకాణం ముందు నుంచి కదిలింది. యున్‌సిల్ నడుపుతోంది. పక్కన మేంగ్. వెనక సీట్లో ఇద్దరు. ఒకరు తొమ్మిదో తారీఖున ఏసీ బాగుచేసిన టాక్ మన్సు. ఇంకొకరు సున్‌బొక్ తమ్ముడు దో జేపిల్, నలభై ఏళ్లవాడు. దుకాణం వంటింటి బాధ్యత అతనిదే, రోజూ కారులో సరుకు పెట్టేదీ అతనే. వాళ్ల వెనక సరుకు చోట్లో థర్మాకోల్ పెట్టె ఉంది.

"అద్దాలన్నీ మూసి లాక్ చేస్తున్నాను. ఆ రోజు అలాగే ఉన్నాయి కాబట్టి" అంది యున్‌సిల్. "పెట్టెలో పన్నెండు కిలోల డ్రై ఐస్. మూత కూడా ఆ రోజులాగే కాస్త తీసి పెట్టాను."

జేపిల్ ముందుకు వంగాడు. "పన్నెండేంటి? నేనెప్పుడూ రెండు కిలోలే పెడతాను."

"ఆ రోజు మధ్యాహ్నానికి వంటింట్లో డ్రై ఐస్ అడుగంటిందట. సాయంత్రం చేపలకి పక్క దుకాణం నుంచి అడిగి తెచ్చుకున్నామని మీ అక్కగారు చెప్పారు. మిగతాది ఎటు పోయిందంటారు?"

"ఎండకి కరిగిపోయుంటుంది."

"ఉండచ్చు. ఏమైతేనేం, బయటి గాలి లైటు వెలుగుతోందిగా. మనకేం భయం లేదు. ఏమంటారు ఇన్‌స్పెక్టర్ గారూ?"

"నేను మొదట్నించీ అంటున్నది అదే" అన్నాడు మేంగ్. కాళ్లు చాపుకుని చల్లగాలి మొహానికి తగిలేలా కూర్చున్నాడు.

"నా చేతి పని చెల్లెమ్మా!" అన్నాడు మన్సు వెనక నుంచి. "ఎలా ఉంది చలి? బాన్ గారు బండి తెచ్చినప్పుడు దీంట్లోంచి వేడిగాలి వచ్చేది. గ్యాసు చుక్క లేదు."

యున్‌సిల్ అద్దంలో ఇద్దరినీ చూసింది. మన్సు చెమట ఆరిన మెడను సంతోషంగా రుద్దుకుంటున్నాడు. జేపిల్ వేలు అద్దం దించే మీట మీద ఉంది. ఒకసారి నొక్కాడు. అద్దం కదల్లేదు.

రెండూ పదిహేడుకి అద్దకం ఫ్యాక్టరీల పక్క నుంచి వెళ్లారు. ఊళ్లో ఎవరైనా ముక్కు మూసుకునే చోటు అది.

"ఇవాళ కంపు లేదేంటబ్బా!" అన్నాడు మన్సు ఆశ్చర్యంగా.

"ఫ్యాక్టరీలకి సెలవేమో" అన్నాడు మేంగ్.

అద్దంలోంచి మూడు పొగగొట్టాలూ కనబడుతున్నాయి. మూడూ పొగ కక్కుతున్నాయి.  ఏసీ చలిలో జేపిల్ నుదురు తడిసింది.

టన్నెల్‌లోకి వెళ్లిన మూడో నిమిషంలో ముందు వాహనాలు ఆగిపోయాయి. మధ్యలో ఒక లారీ చెడిపోయిందని రేడియోలో చెప్పారు. వెనక బస్సు వచ్చి ఆనుకున్నంత దగ్గరగా నిలబడింది. ఎడమ పక్క సిమెంటు గోడ. కుడి పక్క ట్యాంకరు, దాని పొగగొట్టం సరిగ్గా వాళ్ల కిటికీ దగ్గర బుసకొడుతోంది. లోపలికి మాత్రం ఇసుమంతైనా వాసన లేదు. ముందుకూ వెనక్కూ పోయే దారి లేదు.

ఇది యున్‌సిల్ వేసిన లెక్కలో లేదు. టన్నెల్‌ని అయిదు నిమిషాల్లో దాటేస్తామనుకుంది. జేబులో గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఎంతుందో చూపే చిన్న మీటరు ఉంది. బొటనవేలితో పైకి జరిపి చూసింది. బయల్దేరినప్పుడు నాలుగు వందలు చూపించింది. ఇప్పుడు నాలుగు వేలు. పెట్టెలో ఏమీ లేకపోయినా, నలుగురి ఊపిరే కారును నింపేస్తోంది. కణతల దగ్గర సన్నగా నొప్పి మొదలైంది. మేంగ్ ఆవులించాడు. ఇంకో అయిదు నిమిషాలు, అనుకుంది. అంతకు మించి లాగకూడదు.

"అద్దం దించండి" అన్నాడు జేపిల్.

"బయట పొగ. లోపలే హాయిగా ఉంది."

"నాకు ఇరుకంటే పడదు. దించండి."

"జేపిల్ గారూ, ఆ రోజు మీ బావ కూడా ఇక్కడే ఆగాడు. ఇంచుమించు ఇదే గోడ పక్కన. ఆయనకీ దించాలనే అనిపించుంటుంది. కానీ పొగ వస్తుందేమోనని దించలేదు. లైటు చూసుకుని, బయటి గాలి వస్తోంది కదా అనుకున్నాడు."

"దించమంటున్నానా!"

"ఏంటయ్యా గోల!" మేంగ్ విసుక్కున్నాడు. "లైటు కనబడటం లేదా? బయటి గాలి వస్తోంది."

"నేను చేసిన ఏసీ బాబూ, నీకేం కాదు" అని మన్సు అతని భుజం తట్టాడు.

జేపిల్ ఆ చేతిని విసిరికొట్టాడు. తలుపు పిడి పట్టి లాగాడు. రాలేదు. వెనక్కి తిరిగి పెట్టె వైపు చూశాడు. మొహంలో రక్తం లేదు. నోరు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి, మోచేత్తో అద్దాన్ని పొడవడం మొదలుపెట్టాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. చివరికి బిగబట్టిన ఊపిరంతా ఒక్క అరుపై బయటికొచ్చింది.

"చచ్చిపోతాం అందరం! ఆ లైటు అబద్ధం!"

మేంగ్ సీట్లో గిరుక్కున వెనక్కి తిరిగాడు.

యున్‌సిల్ మీట నొక్కింది. నాలుగు అద్దాలూ దిగాయి. డీజిలు పొగ, టన్నెల్ ఉక్క ఒక్కసారిగా లోపలికి దూకాయి. జేపిల్ తల బయటపెట్టి ఆ పొగనే ఆబగా మింగాడు.

"ఆ లైటు అబద్ధమని నీకెవరు చెప్పారు?" అడిగింది యున్‌సిల్. గొంతు పెంచలేదు. "కారు నడిపే నేను నమ్మాను. ఇన్‌స్పెక్టర్ గారు నమ్మారు. బాగుచేసిన మెకానిక్కే నమ్మాడు. నీకొక్కడికే ఎలా తెలిసింది?"

జేపిల్ తల లోపలికి తీసుకుని తలుపు పిడిని మళ్లీ లాగాడు.

"అన్నా, ఆ పెట్టె మూత తియ్యి."

మన్సు వెనక్కి వంగి మూత తీశాడు. లోపల గడ్డకట్టిన మంచినీళ్ల సీసాలు నాలుగు ఉన్నాయి.

మేంగ్ అప్పటికే ముందు సీట్లోంచి సగం వెనక్కి దూకి జేపిల్ మణికట్టు పట్టుకున్నాడు. యున్‌సిల్ ఫోనులో యార్డు ఫొటో తెరిచి మేంగ్ ముందు పెట్టింది. చూశాడు. 

"యార్డులోనే చూశారన్నమాట."

"చూశాను."

"నాకు చెప్పలేదు."

"చెబితే ఈ పాటికి ఈ కారులో టాక్ గారు ఉండేవారు కాదు. మీ లాకప్‌లో ఉండేవారు. కాదంటారా?"

మేంగ్ కాదనలేదు. జేపిల్ చేతులకు బేడీలు వేస్తూ, "నలుగురి ప్రాణాలతో ఆడారు మేడమ్. దీని సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

"మాట్లాడుకుందాం. ఆ కేబుల్ టైని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. కొస మీద పళ్ల గాట్లున్నాయి."

మన్సు నోరు తెరుచుకుని జేపిల్ వంక చూస్తున్నాడు. "ఆ రోజు సాయంత్రం బండి తీసుకెళ్లడానికి వచ్చింది ఇతనే చెల్లెమ్మా. నేను ఫిల్టరు మారుస్తుంటే పక్కనే నిలబడ్డాడు. ఇదేంటి, ఆ రేకు దేనికి, అది మూసుకుపోతే ఏమవుతుందని అడిగాడు. ఈ రోజుల్లో ఇంత శ్రద్ధగా అడిగేవాళ్లెవరని సంబరపడిపోయి..." అతను నుదుటి మీద కొట్టుకున్నాడు. "అంతా నేనే చెప్పాను. పూసగుచ్చినట్టు."

"బావని ఎందుకు చంపావు?" అన్నాడు మేంగ్.

జేపిల్ బయటి గోడను చూస్తూ కూర్చున్నాడు.

యున్‌సిల్ మన్సు వైపు తిరిగింది. "అన్నా, గ్యాసు చుక్క లేదన్నావు. గ్యాసు ఊరికే పోదు. ఎక్కడ కారింది?"

"ముందు కండెన్సర్ దగ్గర. బంపర్ వెనక రేడియేటర్ ముందు ఉంటుందే, ఆ జాలీలాంటిది. లోపలికి సొట్టపడి, సన్నగా పగిలింది. అయిదారు రోజులుగా కొద్దికొద్దిగా కారుంటుంది."

"రాయి తగిలిందా?"

"రాయి కాదు. ఏదో మెత్తగా, బరువైనది. జాలీ మధ్య గుడ్డ ముక్క ఇరుక్కుని ఉంది. పసుపు రంగుది, వెలుతురు పడితే మెరిసేది. తీసి బాన్ గారి చేతిలో పెట్టాను. ఆయన ఇటూ అటూ తిప్పి చూసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. తర్వాత టీ ఇస్తే తాగలేదు. అక్కడే స్టూలు మీద గంటసేపు కూర్చుండిపోయారు."

మేంగ్ చేయి జేపిల్ మణికట్టు మీద అలాగే ఆగిపోయింది.

"ఏ తారీఖు?" అన్నాడు. "ఆ సొట్ట ఏ తారీఖున పడింది?"

మన్సు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టబోయాడు.

"మూడో తారీఖు" అన్నాడు మేంగే. "తెల్లవారుజామున అయిదింటికి, వానలో. వీధులూడ్చే ముసలాయన, అరవై ఏడేళ్లు. ఛొన్ యొంగ్‌డల్ ఆయన పేరు. చెత్త సంచులు సర్దుతుంటే ఏదో బండి గుద్దేసి పోయింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. ఒంటి మీది పసుపు చొక్కాలో అరచేయంత ముక్క లేదు. ఆ ముక్క కోసం ఈ ఊళ్లో ప్రతి షెడ్డూ తిరిగాను నేను. ఆయన కూతురు రోజూ వచ్చి స్టేషన్ మెట్ల మీద కూర్చుంటోంది. ఆ పనిలో పడిపోయి మీ బావ కేసు రెండు రోజుల్లో మూసేశాను." అతను జేపిల్ మొహంలోకి వంగాడు. "నువ్వేనా? తాగి నడిపావా?"

"నేను కాదు."

"మరెవరు? బావా?"

"ఆ పొద్దున బావ ఇంట్లో పడుకునే ఉన్నాడు." జేపిల్ బేడీల వైపు చూసుకున్నాడు. "అక్క... కూరగాయల మార్కెట్‌కి రోజూ అక్కే వెళ్తుంది. చెత్త సంచులు తగిలాయనుకుంది. ఇంటికొచ్చి నాతో నవ్వుతూ చెప్పింది, 'ఇవాళ మున్సిపాలిటీ చెత్తని గుద్దేశానురా' అని. ఆమెకి తెలీదు. ఇప్పటికీ తెలీదు."

మన్సు మెల్లగా మొహం తిప్పుకున్నాడు.

"గుడ్డ ముక్క చూశాక బావకి అర్థమైంది. ఆ మధ్యాహ్నమే నన్ను పిలిచి చెప్పాడు. సోమవారం తనే పక్కనుండి అక్కని స్టేషన్‌కి తీసుకెళ్తానన్నాడు. కాళ్లు పట్టుకున్నాను. వినలేదు. మనిషి ప్రాణం పోయింది జేపిల్, మనం అన్నం ఎలా తింటాం అన్నాడు." అతను బేడీల చేతులతో కళ్లు తుడుచుకున్నాడు. "అమ్మ పోయినప్పుడు నాకు రెండేళ్లు. నన్ను వీపుకి కట్టుకుని బడికెళ్లేదట అక్క. ఆమెని జైల్లో చూడలేను. అంతే."

"అందుకని ఆమె మొగుణ్ణి చంపావు" అంది యున్‌సిల్.

"బావ నొప్పి తెలీకుండా నిద్రలో పోతాడనుకున్నాను."

యున్‌సిల్‌కి సున్‌బొక్ గుర్తొచ్చింది. భర్త చావు వెనక ఎవరున్నారో తేల్చమని తన గుమ్మం తొక్కిన మనిషి. మూడు రోజులుగా పూటపూటా ఫోను చేసి, భోజనం చేశారా అని మొదట అడిగి, తర్వాతే కేసు గురించి అడిగే మనిషి. ఆమెకిప్పుడు ఒక్క జవాబు చెబితే చాలదు, రెండు చెప్పాలి. నీ తమ్ముడు నీ భర్తను చంపాడు. నువ్వు ఒక ముసలాయన్ని చంపావు.

ముందు లారీ ఇంకా కదల్లేదు. మేంగ్ వైర్‌లెస్‌లో స్టేషన్‌ని పిలుస్తున్నాడు, టన్నెల్ లోపల మాట అందడం లేదు. డాష్‌బోర్డు మీద యున్‌సిల్ ఫోను మాత్రం మోగింది. తెర మీద పేరు కారులో అందరికీ కనబడింది. దో సున్‌బొక్.

"ఎత్తకండి" అన్నాడు మేంగ్.

"ఎత్తకండమ్మా" అన్నాడు జేపిల్. జీవితంలో మొదటిసారి ఆ ఇద్దరికీ ఒకే కోరిక కలిగింది.

యున్‌సిల్ ఎత్తింది. చేయి తగిలి స్పీకరు కూడా ఆన్ అయింది.

"ప్యో గారూ, భోంచేశారా? మావాడు మీతోనే ఉన్నాడా? పొద్దుట్నించీ వాడేమీ తినలేదు, కాస్త ఏదైనా తినిపించండి." ఆమె గొంతులో అలసట ఉంది, దాని వెనక చిన్న ఉత్సాహం. "ఒక సంగతి చెబుదామని చేశాను. ఆయన బట్టలు సర్దుతుంటే చొక్కా జేబులో ఒక గుడ్డ ముక్క దొరికింది. పసుపుది, మెరుస్తోంది. ఆయన దీన్ని దాచుకున్నాడంటే ఏదో కారణం ఉండాలి కదా? దీన్ని పట్టుకుంటే ఆయన్ని ఎవరు పొట్టన పెట్టుకున్నారో తెలుస్తుందేమో. నేనే తీసుకుని స్టేషన్‌కి బయల్దేరాను. ఇన్‌స్పెక్టర్ గారికి నా చేత్తోనే ఇస్తాను."

జేపిల్ బేడీల చేతులతో ముందు సీటును పట్టుకుని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"వినబడుతోందా ప్యో గారూ? స్టేషన్ మెట్ల దాకా వచ్చేశాను. ఇక్కడెవరో అమ్మాయి కూర్చుని ఉంది, నా చేతిలో గుడ్డ వంకే చూస్తోంది. లేచి నా దగ్గరికే వస్తోంది."